స్లాట్ మెషిన్ మోసాలు: దొరికేది ఎక్కడ, పడే శిక్ష ఎంత

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. అమెరికాలో చదువుకుంటున్న మీ తమ్ముడికి టెలిగ్రామ్‌లో ఎవరో పరిచయమై, స్లాట్ మెషిన్ (డబ్బు వేసి నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగి గెలుపో ఓటమో తేలే జూదపు యంత్రం) పక్కన పెట్టి మీట నొక్కితే క్రెడిట్లు, అంటే మెషిన్ చూపే ఆటగాడి సొమ్ము, వాటంతట అవే పెరిగే చిన్న పరికరం ఉందని, దాని ధర 600 డాలర్లని చెప్పాడు. వచ్చే సెలవుల్లో మిత్రులతో కలిసి లాస్ వేగాస్ వెళ్ళేటప్పుడు దాన్ని వెంట తీసుకువెళ్ళాలని మీ తమ్ముడు ఆలోచిస్తున్నాడు. అలాంటిది నిజంగా పనిచేస్తుందా, ఒకవేళ దొరికితే ఏదో జరిమానాతో పోతుందా అని మీరు అడిగారు. నేను లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో పదిహేడేళ్ళు స్లాట్ టెక్నీషియన్‌గా పనిచేసి, అందులో చివరి ఆరేళ్ళు మెషిన్ల లెక్కలు సరిచూసే విభాగంలో గడిపి, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. న్యాయవాదిని కాను కనుక చట్టం గురించి చెప్పేటప్పుడు నా ఉద్యోగానికి అవసరమై నేర్చుకున్న మేరకే చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, ఆ పరికరం దాదాపు నిశ్చయంగా మెషిన్‌ను కాక మీ తమ్ముణ్ణి మోసం చేయడానికి తయారైన వస్తువు. దాన్ని కొని మోసపోయినవాడు పోలీసుల దగ్గరికి వెళ్ళలేడన్న ధైర్యమే అమ్మేవాడి పెట్టుబడి. ఇక రెండో ప్రశ్నకు సమాధానం, అది జరిమానాతో పోయే వ్యవహారం కాదు, వీసా మీద ఉన్నవాడికి అసలే కాదు. అయితే ఇంతటితో ఆపితే మీ తమ్ముడు వినడని నాకు తెలుసు. ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఫలానావాడు కాసినోలను దోచాడన్న కథలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని నిజం కూడా. అందుకే ఆ నిజమైన కథల్లోకే వెళ్ళి, వాళ్ళు ఎక్కడ దొరికారో చూపిస్తాను.

కాసినోలో మోసం అనేది రెండు వేర్వేరు పనులు. మెషిన్‌ను వంచించడం ఒకటి, ఆ డబ్బు చేతిలోకి తెచ్చుకుని గుమ్మం దాటడం మరొకటి. మొదటి పని చేసి చూపించిన తెలివైనవాళ్ళు ఉన్నారు. కానీ నాకు తెలిసిన పెద్ద కేసులు దాదాపు అన్నిటిలోనూ ఆ తెలివి రెండో పని దగ్గర అక్కరకు రాలేదు.

ముందు మెషిన్ సంగతి కొంచెం తెలియాలి. పాతకాలపు మెషిన్‌లో చక్రాలు నిజంగానే ఎక్కడ ఆగితే అక్కడ ఫలితం. 1984లో ఇంగె టెల్నెస్ అనే ఆయన పేటెంట్ పొందిన పద్ధతి వచ్చాక చక్రం ఒక బొమ్మగా మిగిలిపోయింది. లోపలి కంప్యూటర్ ఎవరూ ఆడకపోయినా నిరంతరం అంకెలను పుట్టిస్తూనే ఉంటుంది. మీరు బటన్ నొక్కిన క్షణాన ఏ అంకె దొరికితే దాని ప్రకారం ఫలితం తేలిపోయి, ఆ తరువాత చక్రాలు దానికి తగినట్టు ఆగుతాయి. కనుక మెషిన్ ‘వేడెక్కింది’, ‘ఇప్పుడు ఇవ్వబోతోంది’ అనే మాటలకు అర్థం లేదు. నెవాడా నిబంధనల ప్రకారం మెషిన్ దీర్ఘకాలంలో పందెం సొమ్ములో కనీసం 75 శాతం, న్యూజెర్సీలో 83 శాతం తిరిగి ఇచ్చేలా ఉండాలి. ఆచరణలో అంతకన్నా ఎక్కువే ఇస్తాయి. ఈ శాతం సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే నిఘా గదిలోని కెమెరా చూడలేనిదాన్ని చాలాసార్లు ఈ శాతమే చూస్తుంది. ప్రతి మెషిన్ ఎంత మింగింది, ఎంత కక్కింది అన్న లెక్క కేంద్ర కంప్యూటర్‌కు చేరుతుంది. ఇవ్వవలసినదానికి మించి ఒక మెషిన్ ఇస్తున్నదంటే మరునాటి ఉదయం నాలాంటివాడి బల్ల మీద ఒక కాగితం ఉంటుంది.

నాణేల కాలంలో పేరుమోసినవాడు టామీ గ్లెన్ కార్మైకేల్. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో టీవీలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. 1980 ప్రాంతంలో ఒక మిత్రుడు తెచ్చిన పాత మెషిన్ మీద ప్రయోగాలు చేసి ఈ దారి పట్టాడు. 1985లో లాస్ వేగాస్‌లో ఐదు సెంట్ల మెషిన్ దగ్గర పట్టుబడి జైలుకు వెళ్ళాడు. బయటికి వచ్చాక, తన పాత పనిముట్లు కొత్త మెషిన్ల ముందు పనికిరావని తెలుసుకుని కొత్తవి తయారుచేశాడు. వాటిలో ఒకటి, మెషిన్ అడుగున నాణేలు లెక్కపెట్టే సెన్సర్‌కు వెలుతురు చూపి లెక్క తప్పించే దీపపు పుల్ల. నాకు ఈ మనిషి పనితనం పట్ల ఒకరకమైన గౌరవం ఉంది, ఆ మాట దాచను. కానీ పనితనం ఎంత ఉన్నా అతను ప్రతిసారీ మెషిన్ ముందు కూర్చోవాలి, చేయి లోపలికి పోవాలి, నాణేలు గలగలా పడాలి, పక్కనే ఎవరో ఒకరు కాపలా నిలబడాలి. ఆ నలుగురైదుగురిలో ఎవరి నోరు జారినా అంతా కూలుతుంది. 1990ల చివరి ఏళ్ళలో వరుసగా అరెస్టులై, చివరికి 2001లో 326 రోజుల జైలు, మూడేళ్ళ ప్రొబేషన్, కాసినోలలో అడుగుపెట్టకూడదన్న ఆంక్షతో అతని వృత్తి ముగిసింది. తరువాత మోసాన్ని ఆపే పరికరం ఒకటి తానే తయారుచేశాడు.

అదే కాలంలో లూయీ కొలవెచియో అనే రోడ్ ఐలాండ్ వాసి ఇంకో దారి ఎంచుకుని, మెషిన్ జోలికి పోకుండా, నాణేలకు బదులు మెషిన్లలో వేసే కాసినో టోకెన్లనే అచ్చుగుద్దినట్టు పోతపోశాడు. మెషిన్లు వాటిని అభ్యంతరం లేకుండా తీసుకున్నాయి. కానీ కాసినోవాళ్ళు తమ టోకెన్లను లెక్కపెట్టి చూసుకుంటే, తాము చేయించినవాటికన్నా ఎక్కువ ఉన్నాయి! కాసినో ఎన్ని టోకెన్లు కొన్నదో కాగితం మీద ఉంటుంది. ఆ అంకెకు పైన ఒక్కటి ఉన్నా అది ఎక్కడినుంచో రావాలి. 1996లో అతను అరెస్టయ్యాడు.

మీ తమ్ముడి పరికరం కథకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే కేసు రాన్ హ్యారిస్‌ది. ఇతను దొంగ కాదు, పోలీసు పక్షం మనిషి. కాసినోలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ అయిన నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డులో, మెషిన్ల ప్రోగ్రామ్‌లలో లొసుగులు ఉన్నాయేమో చూసే కంప్యూటర్ ఉద్యోగి. కాసినో మెషిన్ల లోపలి కంప్యూటర్ చిప్‌లు అసలువో కావో తనిఖీ చేసే ఉపకరణంలోనే తన సొంత కోడ్ చేర్చాడు. తనిఖీకి వెళ్ళిన ఉద్యోగులు, తమకు తెలియకుండానే, తాము పరీక్షించిన మెషిన్లలోకి ఆ కోడ్‌ను ఎక్కించి వచ్చేవారు. ఆ మెషిన్లలో నాణేలను ఒక నిర్దిష్ట క్రమంలో వేస్తే జాక్‌పాట్ పడేది. కంచే చేను మేసిన ఈ పద్ధతికి మించిన తెలివి స్లాట్ల చరిత్రలో నేను చూడలేదు. కొన్నేళ్ళు ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ తరువాత అతను కీనో వైపు మళ్ళాడు. కీనోలో 80 అంకెలలో 20 తీస్తారు, ఆటగాడు తాను ఎంచుకున్నవి వాటిలో ఉంటే గెలుస్తాడు. హ్యారిస్ ఆ ప్రోగ్రామ్ అంకెలను పుట్టించే తీరును ముందుగానే లెక్కగట్టే కోడ్ రాసుకుని, 1995 జనవరిలో ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకుని న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో ఉన్న ఒక కాసినోకు వెళ్ళాడు. మిత్రుడు ఎంచుకున్న ఎనిమిది అంకెలూ పడ్డాయి. దానికి ఉన్న అవకాశం 2,30,000లో ఒకటి. బహుమతి లక్ష డాలర్లు. ఇంతవరకు మెషిన్ ఓడిపోయింది. కానీ అంత సొమ్ము ఎవరికైనా చెల్లించాలంటే అధికారులు రావాలి, గుర్తింపు పత్రం చూడాలి, ఫారాలు నింపాలి, ప్రోగ్రామ్‌ను పరీక్షించాలి. గెలిచిన మనిషి దగ్గర గుర్తింపు పత్రం లేదు, అతనికి మొత్తం నగదుగానే కావాలి, పైగా లక్ష డాలర్లు వచ్చాయన్న ఉత్సాహం ముఖంలో కనిపించలేదు. అతని హోటల్ గదికి వెళ్ళి చూస్తే అక్కడ ఉన్నది నెవాడా బోర్డు ఉద్యోగి. హ్యారిస్ విమానమెక్కి లాస్ వేగాస్ చేరేసరికి విమానాశ్రయంలో అరెస్టు సిద్ధంగా ఉంది. అతనికి ఏడేళ్ళ శిక్ష పడింది, రెండేళ్ళు జైలులో గడిపాడు, కాసినోలలోకి శాశ్వతంగా ప్రవేశం లేనివారి జాబితాలోకి ఎక్కాడు. అంకెలను ముందుగా లెక్కగట్టగలిగిన మనిషి, మిత్రుడి జేబులో గుర్తింపు కార్డు ఉందా లేదా అని చూసుకోలేదు.

లాటరీలో ఇదే కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అయోవాలోని మల్టీ స్టేట్ లాటరీ అసోసియేషన్‌లో సమాచార భద్రతను చూసే ఎడ్డీ టిప్టన్, అంకెలు తీసే కంప్యూటర్‌లో సంవత్సరంలో కొన్ని తేదీలలో మాత్రమే ఫలితం ముందుగా ఊహించగలిగేలా కోడ్ చేర్చాడు. 2010 డిసెంబర్ 29న 1 కోటి 65 లక్షల డాలర్ల టికెట్ గెలిచింది. ఏడాదిపాటు ఎవరూ రాలేదు. గడువు ముగియడానికి కొద్ది గంటల ముందు బెలీజ్‌లో నమోదైన ఒక ట్రస్టు తరఫున న్యాయవాదులు టికెట్ తెచ్చారు. అసలు యజమాని ఎవరో చెప్పమని లాటరీవాళ్ళు పట్టుబట్టారు, వీళ్ళు చెప్పలేదు, డబ్బు చేతికి రాలేదు. టికెట్ కొన్న దుకాణంలోని కెమెరా వీడియోను 2014లో ప్రజలకు చూపిస్తే, టోపీ కప్పుకున్న ఆ మనిషి గొంతు టిప్టన్‌దేనని అతని సహోద్యోగులే గుర్తుపట్టారు. వేరే రాష్ట్రాల లాటరీలలోని మోసాలు కూడా బయటపడ్డాక 2017లో అతనికి 25 ఏళ్ళ వరకు జైలు శిక్ష విధించారు. 2022లో పెరోల్ మీద విడుదలయ్యాడు. ఒక్క డాలరు కూడా అందని టికెట్ దగ్గర ఈ తీగంతా కదిలింది.

మీ తమ్ముడు ఈపాటికి, అవన్నీ పాత సంగతులు, ఇప్పుడు ఫోన్ ఉంది కదా అంటాడు. ఫోన్‌తో చేసినవాళ్ళూ ఉన్నారు. 2009లో రష్యా తన దేశంలో కొన్ని ప్రత్యేక మండలాలు తప్ప అన్ని చోట్లా జూదశాలలను మూసివేసింది, వాటిలోని మెషిన్లు చవకగా అమ్ముడుపోయాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఒక బృందం కొన్ని పాత ఆస్ట్రేలియా తయారీ మెషిన్లను విప్పి, అవి అంకెలను పుట్టించే సూత్రాన్ని పట్టుకుంది. ఆ సూత్రం నిజమైన యాదృచ్ఛికం కాదు, తగినన్ని ఫలితాలు చూస్తే తరువాతివి లెక్కగట్టగలిగేంత బలహీనమైనది. అమెరికాకు పంపిన మనుషులు మెషిన్‌ను ఫోన్‌లో చిత్రీకరించి పంపేవారు, అక్కడివారు లెక్కగట్టి ఏ క్షణాన నొక్కాలో ఫోన్ అదురుతో తెలియజేసేవారు. గణితం పరంగా గొప్ప పని. కానీ 2014 జూన్‌లో సెయింట్ లూయిస్‌లోని ఒక కాసినోలో వీళ్ళు దొరికిన దారి చూడండి. కొన్ని పాత మెషిన్లు రెండు రోజులపాటు ఇవ్వవలసినదానికి మించి ఇచ్చినట్టు లెక్కలవాళ్ళకు కనిపించింది. జాక్‌పాట్ ఒక్కటీ లేదు, అయినా లెక్క కాసినోకు ఎదురుగా ఉంది. అప్పుడు పాత వీడియోలు తిప్పి చూస్తే, ఒక మనిషి ఫోన్‌ను మెషిన్‌కు దగ్గరగా పట్టుకుని, లేచి వెళ్ళి, కాసేపటికి తిరిగివచ్చి, బటన్ మీద వేలు ఆనించి ఎదురుచూసి, హఠాత్తుగా నొక్కడం కనిపించింది. మామూలు ఆటగాడు అలా ఆడడు. ఆ వీడియో మిగిలిన కాసినోలకూ చేరింది, డిసెంబర్‌లో అదే మనిషి తిరిగివచ్చినప్పుడు అరెస్టయ్యాడు. ముగ్గురు రష్యన్ పౌరులకు రెండేళ్ళ చొప్పున ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వపు) జైలు, ఆ తరువాత దేశబహిష్కారం. 2016లో సింగపూర్‌లోనూ ఇదే పద్ధతి వాడినవారు పట్టుబడి జైలుకు వెళ్ళారు.

అంటే నిజంగా పనిచేసిన ఫోన్ పద్ధతికి కూడా లెక్కగట్టగలిగిన ఒక బృందం, ఫలానా నమూనా పాత మెషిన్లు, నెలల శిక్షణ కావలసివచ్చాయి. అలాంటి సూత్రం చేతిలో ఉన్నవాడు దాన్ని టెలిగ్రామ్‌లో 600 డాలర్లకు అమ్ముకోడు. పైగా ఇప్పటి మెషిన్లలో నాణేలు కక్కే తొట్టి (హాపర్) లేదు, నాణెం లేదు, గెలుపు ఒక కాగితపు వోచర్‌గా వస్తుంది, ఆ వోచర్ మీది సంఖ్య కేంద్ర కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది. రేడియో తరంగాలతో మెషిన్‌ను కంగారు పెట్టే పెట్టెలు ప్రపంచంలో ఎక్కడా లేవని నేను అనను, పాత నాసిరకం మెషిన్ల మీద అలాంటి ప్రయత్నాలు జరిగాయి. కానీ ఇక్కడి మెషిన్ అసహజమైన అలజడిని గుర్తిస్తే క్రెడిట్లు ఇవ్వదు, తనను తాను ఆపేసుకుని, పైన దీపం వెలిగించి మాలాంటివాడిని పిలుస్తుంది. ఆ దీపం వెలిగాక నేను నడిచివచ్చే ఆ రెండు నిమిషాలూ కెమెరా ఎవరి మీద ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఒక్క కేసులో మాత్రం ఆటగాళ్ళు నేరశిక్ష లేకుండా బయటపడ్డారు, దాన్ని కూడా చెప్పకపోతే నేను పక్షపాతిననిపించుకుంటాను. 2009లో జాన్ కేన్ అనే లాస్ వేగాస్ వాసి, ఒక వీడియో పోకర్ మెషిన్‌లో, అంటే తెర మీద పేకముక్కలతో ఆడే మెషిన్‌లో, ప్రోగ్రామ్ లోపాన్ని కనిపెట్టాడు. ఒక ఐచ్ఛిక సదుపాయం తెరిచి ఉన్న మెషిన్‌లో ఆటలను, పందెం విలువను ఒక వరుసలో మార్చుకుంటే అప్పటికే గెలిచిన ఆటకు పెద్ద పందెం విలువతో మళ్ళీ చెల్లించేది. అతను, అతని మిత్రుడు ఆండ్రే నెస్టర్ లక్షల డాలర్లు గెలిచారు. ఇక్కడా పట్టించింది వరుస జాక్‌పాట్లే. ఒకే మెషిన్‌లో ఒకే మనిషికి అన్ని పెద్ద గెలుపులు వస్తే నిఘావాళ్ళకు అనుమానం రాకుండా ఉండదు. ఫెడరల్ ప్రభుత్వం కంప్యూటర్ నేరాల చట్టం కింద కేసు పెట్టింది. మెషిన్ అనుమతించిన బటన్లనే వాళ్ళు నొక్కారు తప్ప దేన్నీ పగలగొట్టలేదన్నది వారి తరఫు వాదన. 2013లో మొదట ఆ అభియోగాన్ని, తరువాత మిగిలిన మోసం అభియోగాన్ని కూడా ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. గెలిచినట్టే కనిపిస్తుంది కానీ మధ్యలో నాలుగేళ్ళు పోయాయి. నెస్టర్‌ను పెన్సిల్వేనియాలో ఇంటి దగ్గర అరెస్టు చేసి, అక్కడ గెలిచిన సొమ్మును లాక్కున్నారు. ఆ ఇద్దరూ అమెరికా పౌరులన్న సంగతి మీ తమ్ముడికి గుర్తుచేయండి. పరికరం జేబులో పెట్టుకుని వెళ్ళేవాడికి ‘ఉన్న బటన్లే నొక్కాను’ అన్న వాదన ఎలాగూ దొరకదు.

ఇప్పుడు శిక్ష సంగతి. నెవాడాలో జూదపు ఆటలో మోసం చిల్లర నేరం కాదు, ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. కనీసం ఏడాది నుంచి మొదలై కొన్నేళ్ళ వరకు రాష్ట్ర జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా ఉంటాయి, కాజేసిన సొమ్ము తిరిగి కట్టడం వేరే. మీ తమ్ముడికి తెలియని సంగతులు ఇక్కడ మూడు ఉన్నాయి. మోసం ఫలించనక్కరలేదు, ప్రయత్నం కూడా నేరమే. మోసానికి ఉద్దేశించిన పరికరాన్ని కాసినోలో దగ్గర ఉంచుకోవడమే ఒక నేరం, దాన్ని తయారుచేయడం, అమ్మడం ఇంకో నేరం. ఇద్దరు ముగ్గురు కలిసి అనుకుంటే, వాళ్ళలో ఒకడు మెషిన్‌ను ముట్టుకోకపోయినా కుట్రలో భాగస్వామే. అంటే ‘నేను పక్కన నిలబడ్డానంతే’ అనే మిత్రుడికి కూడా అదే నేరం వర్తిస్తుంది. మరోటి, పేకాటలో కార్డులను బుర్రలో లెక్కపెట్టుకోవడం నెవాడాలో నేరం కాదు, కాసినో మహా అయితే బయటికి పంపుతుంది. అదే లెక్కను ఫోన్‌లోని యాప్‌తో చేస్తే ఫెలనీ. ఎంతో తెలివైన ఇంజినీర్లు కూడా ఈ గీత ఎక్కడుందో తెలియక దాటుతారు.

సమంజసమైన అనుమానం ఉంటే కాసినో సిబ్బంది మనిషిని తగినంతసేపు ఆపి ఉంచవచ్చని చట్టమే చెబుతుంది. ఆ తరువాత వచ్చేది గేమింగ్ కంట్రోల్ బోర్డు ఏజెంట్లు, వాళ్ళకు అరెస్టు చేసే అధికారం ఉంది. అక్కడ నవ్వుతూ, ‘సరదాకు తెచ్చాం’ అని వివరణలు ఇచ్చి తమ కేసును తామే బిగించుకున్న కుర్రాళ్ళను నేను చూశాను. మర్యాదగా పేరు, గుర్తింపు చూపించి, మిగిలినది న్యాయవాది సమక్షంలో మాట్లాడతామనడం వాళ్ళ హక్కు. రాష్ట్రం ‘బ్లాక్ బుక్’ అని పిలిచే నిషేధిత వ్యక్తుల జాబితా 1960లో 11 పేర్లతో మొదలైంది, అందులోకి ఎక్కేది హ్యారిస్ వంటివారే. మామూలువారికి ఆ కాసినోలోకి మళ్ళీ రాకూడదన్న నోటీసు చాలు, దాన్ని ధిక్కరించి వస్తే అది అక్రమ ప్రవేశం. ఆదివాసీ తెగల భూములలో నడిచే కాసినోలలో చోరీకి ఫెడరల్ చట్టం వర్తిస్తుంది, 1,000 డాలర్లు దాటితే పదేళ్ళ దాకా జైలు.

విద్యార్థికి, ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి అసలు దెబ్బ కోర్టులో కాదు, ఆ తరువాత తగులుతుంది. అమెరికా వలస చట్టంలో మోసంతో కూడిన నేరాలను సాధారణంగా నైతిక పతనాన్ని సూచించే నేరాలుగా లెక్కిస్తారు. దేశంలోకి వచ్చిన ఐదేళ్ళలోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేదా అంతకుమించిన శిక్ష పడే అవకాశం ఉంటే చాలు, పడిన శిక్ష తక్కువైనా దేశం నుంచి పంపివేయవచ్చు. మోసం వల్ల కలిగిన నష్టం 10,000 డాలర్లు దాటితే అది ‘అగ్రవేటెడ్ ఫెలనీ’ అవుతుంది, అప్పుడు వలస న్యాయమూర్తి దయతలచడానికి కూడా దారులు దాదాపు మూసుకుపోతాయి. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తామన్న బేరం పౌరుడికి లాభం కావచ్చు, మనవాడికి అదే బహిష్కారపు కాగితం కావచ్చు. అందుకే ఇలాంటి కేసులో నేరాల న్యాయవాది ఒక్కడే సరిపోడు, వలస చట్టం తెలిసినవాడు కూడా ఉండాలి. కేసు కొట్టివేసినా, వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉండనే ఉంటుంది. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్‌కు వెళ్ళిన ప్రతిసారీ దానికి అవునని రాసి, కాగితాలు చూపించుకోవాలి.

పరికరాల జోలికి పోనివాళ్ళు కూడా చిక్కుకున్న సందర్భం ఒకటి చెబుతాను. నేను పనిచేసిన రోజుల్లో ఒక శనివారం రాత్రి, నలుగురు తెలుగు విద్యార్థులు ఆడుతున్నారు. పక్క మెషిన్ దగ్గర ఒక పెద్దావిడ వోచర్ తీసుకోకుండా బాత్రూమ్‌కు వెళ్ళింది. వాళ్ళలో ఒకడు ఆ 380 డాలర్ల వోచర్‌ను తీసుకుని కియోస్క్‌లో పెట్టి నగదు చేసుకున్నాడు. పది నిమిషాలలో నిఘా గది అతని ముఖం, వోచర్ సంఖ్య, సమయం మూడూ ఒకే తెరమీద పెట్టింది. వాడు నిజాయితీగానే, ‘వదిలేసిన డబ్బు అనుకున్నాను అంకుల్’ అని నాతో తెలుగులో అన్నాడు. నా చేతిలో ఏమీ లేదు. మెషిన్‌లో మరొకరు మరిచిన క్రెడిట్లు, వోచర్లు దొరికినవాడి సొత్తు కావు, అది చోరీ కిందికే వస్తుంది. ఆ పెద్దావిడ తన డబ్బు తనకు వస్తే చాలునన్నది కనుక, కాసినో అతనికి నిషేధపు నోటీసు ఇచ్చి వదిలింది. ఆమె ఇంకోలా అని ఉంటే ఆ కుర్రాడి మాస్టర్స్ ఎక్కడ ఆగేదో! మీ తమ్ముడికి 21 ఏళ్ళు నిండాయో లేదో మీరు రాయలేదు. నిండకపోతే అసలు కాసినోలో ఆడకూడదు, జాక్‌పాట్ పడినా చెల్లించరు, దొంగ గుర్తింపు కార్డు చూపిస్తే అది ఇంకో కేసు.

మెషిన్ తనంతట తాను పొరపాటున ఎక్కువ ఇస్తే ఏమిటని కూడా అడిగారు. ప్రతి మెషిన్ మీదా చిన్న అక్షరాలలో, లోపం ఏర్పడితే ఆ ఆటలూ చెల్లింపులూ చెల్లవని రాసి ఉంటుంది, తెరమీద ఎంత అంకె కనిపించినా అది అప్పు కాదు. అటెండెంట్‌ను పిలిచి చెప్పడం ఉత్తమం. పెద్ద జాక్‌పాట్ మెషిన్ నుంచి రాదు, మనిషి వచ్చి చేతికి ఇస్తాడు. చాలాకాలం 1,200 డాలర్లు దాటిన ప్రతిసారీ గుర్తింపు చూసి పన్ను ఫారం నింపేవారు. మీ అమ్మానాన్నలు చూడటానికి వెళ్ళి సరదాగా ఆడి గెలిచినా, సందర్శక వీసా వారికి అక్కడే 30 శాతం పన్ను పట్టుకుని మిగిలింది ఇస్తారు. అది మోసం కాదు, చాలామంది అలా అనుకుని గొడవ పెట్టుకుంటారు.

మన దగ్గర ఎలా ఉంటుందన్న మీ చివరి ప్రశ్నకు క్లుప్తంగా చెబుతాను. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 1974 నాటి గేమింగ్ చట్టం కింద స్లాట్ మెషిన్ నడపడమే నేరం కనుక, దాన్ని మోసం చేసే ప్రశ్న రాదు. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీం కోర్టు రమ్మీని నైపుణ్యపు ఆటగా గుర్తించింది. ఆ రక్షణ అదృష్టం మీద నడిచే మెషిన్‌కు లేదు. పైగా 1995లో కర్ణాటక వీడియో గేమ్ పార్లర్ల కేసులో ఆ కోర్టే, నిర్వాహకులు మెషిన్లను తారుమారు చేసి ఆటగాడు గెలవకుండా చేయగలరన్న సంగతిని ప్రస్తావించింది. మన దేశంలో మెషిన్ మోసం ఎక్కువగా ఆ దిశలోనే నడిచింది. గోవాలో 1992 సవరణ తరువాత పెద్ద హోటళ్ళలో స్లాట్ మెషిన్లకు అనుమతి వచ్చింది. అక్కడ మెషిన్‌ను మోసం చేసినవాడి మీద భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్షపడే వంచన కేసు, ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా శిక్షపడే కేసు పెట్టడానికి వీలుంది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టమే నిషేధించింది కనుక, ఫోన్‌లో స్లాట్లను ‘హ్యాక్’ చేసే యాప్ అని ఎవరైనా అమ్మజూపితే అది కూడా ఈ 600 డాలర్ల పెట్టెకు చెల్లెలే.

ఇక మీరు చేయవలసింది. డబ్బు ఇంకా పంపకపోతే పంపనివ్వకండి. పంపి ఉంటే కార్డు ద్వారా చెల్లించాడా, క్రిప్టోలోనా అన్నది కనుక్కోండి. కార్డయితే బ్యాంకును వెంటనే అడగవచ్చు, క్రిప్టోలో పోయినది తిరిగి రావడం కష్టం. పార్సెల్ ఇప్పటికే చేరి ఉంటే దాన్ని ప్రయాణపు సంచిలో పెట్టుకుని నెవాడా సరిహద్దు దాటవద్దని, పరీక్షించి చూద్దామని ఏ కాసినోకూ తీసుకువెళ్ళవద్దని, దాన్ని ఏం చేయాలో ఒక న్యాయవాదిని అడగమని చెప్పండి. చాలా విశ్వవిద్యాలయాలలో విద్యార్థులకు ఉచిత న్యాయసలహా దొరుకుతుంది. అతను ఏ రాష్ట్రంలో ఉన్నాడో, పార్సెల్ వచ్చిందో లేదో రాయండి, దాన్నిబట్టి మిగిలినది చెబుతాను.